నెక్‌బఖ్త్ మిద్దె, పిల్లల తాజ్‌మహల్

కాదమ్మా కోడలా, వాన దగ్గర మొదలుపెట్టొద్దు. వానదేం తప్పు? దాని కాలానికి అది వచ్చింది. బడి దగ్గర మొదలుపెట్టు. నేను నెమ్మదిగా చెప్తా, నువ్వూ నెమ్మదిగా రాయి. చెయ్యి నొప్పెడితే ఆపు, టీ తాగుదాం.

మన బడిలో కంప్యూటర్లు వచ్చాయి గదా, ఆ ఏడు. పిల్లలు వాటి చుట్టూ బెల్లానికి చీమలు పట్టినట్టు పట్టేవాళ్ళు. ఖుష్‌నజర్ సారు అప్పుడే కొత్తగా వచ్చాడు. కుర్రాడు, మీసం కూడా సరిగ్గా రాలేదు. దేశాల పాఠం చెప్తే పిల్లలు కునుకు తీస్తున్నారని చూసి ఒక ఉపాయం చేశాడు. దిమ్మెలు పేర్చే ఆట ఒకటుందిలే ఆ కంప్యూటర్లలో. రాతి దిమ్మె, కర్ర దిమ్మె, మట్టి దిమ్మె, అన్నీ నలుచదరం. ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పోవడమే. "ప్రపంచంలో పేరున్న కట్టడాలన్నీ ఇందులో కట్టండిరా" అన్నాడు. కట్టాలంటే అది ఎంత ఎత్తో, ఎవరు కట్టారో, దేంతో కట్టారో తెలుసుకోవాలి గదా. పాఠం దానంతటదే బుర్రలోకి దూరుద్దని ఆయన లెక్క.

దూరింది కూడా. కాకపోతే మన పిల్లలు మన పిల్లలే. వంగిపోయిన గోపురం ఒకటుందట, ఇటలీలో. అది ఇమోమ్‌దోద్ వంతుకి వచ్చింది. తెలుసుగా, మేస్త్రీ కొడుకు, నోరెక్కువ.

"సార్, నేను వంకరగా కట్టను" అన్నాడు.

"అది వంకరగానే ఉంటదిరా. అందుకే దానికంత పేరు."

"మా నాన్న చూస్తే ఇంట్లో రొట్టె పెట్టడు సార్. మేస్త్రీ కొడుకు గోడ వంకరగా లేపాడంటే ఊళ్ళో తలెత్తుకు తిరగ్గలమా?"

చివరికి నిటారుగానే కట్టాడు. పక్కన ఒక పలక పాతి దాని మీద 'బాగుచేశాం' అని రాశాడు.

చైనా గోడ కట్టేటప్పుడు మవ్జూనా లేచి అడిగింది. "సార్, ఇంత గోడకి హషర్ చేసినప్పుడు ఎన్ని గొర్రెల్ని కోసుంటారు?"

సారు నవ్వాడు. "హషర్ కాదమ్మా. రాజు మనుషుల్ని తోలుకొచ్చి కొట్టి కట్టించాడు."

పిల్లలకి అది నమ్మబుద్ధి కాలేదు. మన ఊళ్ళో హషర్ అంటే తెలుసుగా, ఒకరి ఇల్లు లేపాలన్నా, కాలవ తవ్వాలన్నా, ఇంటికొక చెయ్యి వచ్చి పడుద్ది, ఇంటివాళ్ళు కడుపునిండా పెడతారు. వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూసింది అదొక్కటే. కొడితే గోడ లేస్తదని వాళ్ళకేం తెలుసు.

ఈ మవ్జూనాయే మన కథలో పిల్ల. పశువుల దొడ్డి పక్కింటిది. పన్నెండేళ్ళది, బక్కపల్చటిది. కానీ దాని మాటంటే క్లాసులో శాసనం. ఎవరు ఏ దిమ్మె ఎక్కడ పెట్టాలో అదే చెప్పేది. ఇమోమ్‌దోద్ దాన్ని 'మేస్త్రమ్మగారు' అని ఏడిపించేవాడు గానీ, చెప్పిన చోటే పెట్టేవాడు.

ఇంతలో ఖొరోగ్ పట్నంలో పోటీ పెట్టారని కబురొచ్చింది. జిల్లాలో బడులన్నీ తలా ఒక కట్టడం కట్టి పంపాలి. మన పిల్లలు తాజ్‌మహల్ పట్టుకున్నారు. హిందూస్తాన్‌లో ఒక రాజు చచ్చిపోయిన పెళ్ళాం కోసం తెల్లరాయితో కట్టించాడని సారు చెప్పాడు. వీళ్ళు గోడలు లేపారు, నాలుగు మూలలా నాలుగు స్తంభాలు లేపారు. ఒకరోజు చూస్తే పెద్ద గుమ్మటం నడినెత్తిన కన్నం.

"ఈ గవాచి ఎవడు పెట్టాడు?" అంది మవ్జూనా.

"నేనే" అన్నాడు ఇమోమ్‌దోద్. "గవాచి లేకపోతే పొగెటు పోద్ది?"

"అది సమాధిరా మొద్దూ! సమాధిలో పొయ్యి ఎవరు వెలిగిస్తారు?"

అందరూ చటుక్కున చేతులు వెనక్కి తీసుకున్నారు. సమాధి అని సారు చెప్పాడు గానీ, ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇక ఆ రోజునుంచి కంప్యూటరు ముందు కూర్చునే ముందు ప్రతివాడూ రెండు అరచేతులూ మొహం మీద నుంచి గడ్డం దాకా దించుకునేవాడు, మనం స్మశానం పక్కనుంచి పోతూ చేసుకున్నట్టు.

కన్నమైతే పూడ్చారు గానీ గుమ్మటం కుదర్లేదు. దిమ్మెలు చదరం, గుమ్మటం గుండ్రం. పేరిస్తే గడ్డివాములా వస్తంది తప్ప గుమ్మటంలా రావట్లేదు. మవ్జూనాకి తిండి ఎక్కలేదు. అప్పుడు దానికి నెక్‌బఖ్త్ ఇల్లు గుర్తొచ్చింది.

నెక్‌బఖ్త్ మిద్దెకున్నంత పాత గవాచి ఊళ్ళో ఇంకెవరికీ లేదు గదా. చదరం లోపల చదరం తిప్పి, దాని లోపల ఇంకో చదరం తిప్పి, అట్లా పైకి పోయే కొద్దీ చిన్నదవుతా పోద్ది. చూస్తా ఉంటే చదరమన్నదే మర్చిపోతాం. మొగుడు పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటంది ఆవిడ. ఈ పిల్ల పోయి ఇంటి నడిమధ్యన వెల్లకిలా పడుకుని పైకి చూస్తా ఉండిపోయింది.

"ఏమే, నా ఇంట్లో ఏం వెతుకుతున్నావే నేల మీద పడుకుని?"

"నీ గవాచి చూస్తున్నా అవ్వా. గుమ్మటానికి కావాలి."

"చూసుకో చూసుకో. నా నెత్తిన పడేలోపు చూసుకో. రెండేళ్ళయింది మిద్దెకి మట్టి పడి." అని ఎండు మల్బరీ పండ్లు గుప్పెడు పెట్టింది చేతిలో.

ఆ కిటుకుతోటే గుమ్మటం లేచింది. చదరం తిప్పి చదరం. సారు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట.

గడ్డి కోతల కాలం వచ్చింది. మగాళ్ళందరూ పైన మేతభూములకి పోయారు. మబ్బు చూస్తే ఆగేలా లేదు. మంచు పడేలోపు మిద్దెకి మట్టి వెయ్యాలని నెక్‌బఖ్త్ హషర్ పిలిచింది. ఇంటింటికీ తనే తిరిగింది. మగాళ్ళు లేరని ఆవిడకి తెలుసు. మట్టి పరచడానికి మేం ముసలాళ్ళం ముగ్గురం చాలు. తొక్కడానికి పిల్లలు కావాలి. రాత్రంతా గడ్డితో నానబెట్టిన మట్టిని పిల్లలు తొక్కినట్టు ఇంకెవరూ తొక్కలేరు. తేలికగా గెంతుతారు, అలుపు తెలీదు.

మవ్జూనా వాళ్ళమ్మ చంటిబిడ్డతో గుమ్మంలోకి వచ్చింది. వాళ్ళాయన పైన మేతభూముల్లో ఉన్నాడు.

"మీ ఇంటి చెయ్యి ఎవరమ్మాయ్?" అంది నెక్‌బఖ్త్.

"మా మవ్జూనా వస్తది అత్తా."

"చెయ్యి అన్నానే గానీ నాక్కావాల్సింది కాళ్ళు" అని నవ్వింది. పిల్ల వైపు చూసి, "ఏమే మేస్త్రమ్మా, నా గవాచి చూశావుగా, ఇప్పుడు దాని చుట్టూ మట్టి తొక్కు."

మవ్జూనా ఛాతీ ఇంత వెడల్పయ్యింది. ఇంటి తరపున చెయ్యిగా పోవడం అదే మొదలు. అంతకుముందు వాళ్ళ నాన్న వెనక తోకలా పోయేది, అంతే.

ఆ రోజు పొద్దున్నే వాళ్ళమ్మ రొట్టె గుడ్డలో చుట్టిచ్చింది. నాన్న బక్కెట్టు పట్టుకుని బయల్దేరింది. వంతెన దగ్గర మిగతా పిల్లలు కలిశారు. అందరూ తలా ఒక ఇంటి చెయ్యి. నవ్వుకుంటా, బక్కెట్లు తలకెత్తుకుని వాయించుకుంటా పోతున్నారు. అప్పుడు బడి కిటికీలో దీపం వెలిగింది.

అప్పటిదాకా మూడు రోజులుగా కరెంటు లేదు. గుమ్మటం కొన మిగిలిపోయింది. పోటీకి పంపాల్సింది ఆ రోజే. ఖొరోగ్ పోయే కారు మధ్యాహ్నం కదులుద్ది, సారు అందులోనే పంపుతానన్నాడు.

అందరూ మవ్జూనా మొహం చూశారు.

"ఒక్క గంట" అంది. "కొన పెట్టేసి పరిగెత్తుకు పోదాం."

"అవ్వ ఎదురుచూస్తది" అన్నాడు ఇమోమ్‌దోద్.

"మట్టి ఎక్కడికి పోద్దిరా? కారు పోద్ది గానీ."

వాడు బక్కెట్టు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. "నువ్వంటే సరే" అన్నాడు. అందరూ వెనక్కి తిరిగారు. దాని ఒక్క మాట మీద తిరిగారు. ఇది రాయి కోడలా, బాగా రాయి.

సారు వాళ్ళని చూసి సంబరపడ్డాడు. హషర్ ఉందని ఆయనకి తెలీదు, వేరే ఊరివాడు. వీళ్ళూ చెప్పలేదు.

ఒక గంటన్నది ఎవరికి తెలుసు, కొన పెడితే పక్క కూలింది, పక్క సర్దితే ఒకడి వేలు తగిలి ఒక స్తంభం ఎగిరిపోయింది. అరుపులు, తిట్లు. బడి కిటికీలోంచి వాగు అవతల నెక్‌బఖ్త్ మిద్దె కనపడుద్ది. మవ్జూనా ఆ కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. ఒకసారి నీళ్ళు తాగడానికి లేచి చూడకుండా ఉండలేకపోయింది. మిద్దె మీద మేం ముగ్గురం. కింద మట్టి తొక్కే గుంటలో ఎవరూ లేరు. పొయ్యి మీద పెద్ద బాణలి, పొగ నిటారుగా పోతంది.

కారు హారను కొట్టేసరికి కొన కూర్చుంది. సారు దాన్ని, పెన్‌డ్రైవో ఏదో అంటారే, అందులోకి ఎక్కించి పరిగెత్తి ఇచ్చొచ్చాడు. పిల్లలు చప్పట్లు కొట్టుకున్నారు. చప్పట్లు అయ్యాక చూస్తే పొద్దు వాలింది.

"పదండి పోదాం" అంది మవ్జూనా.

"ఇప్పుడా?" అన్నాడు ఇమోమ్‌దోద్. "ఇప్పుడు పోతే బాణలి దించే టైము. పనికి రానోళ్ళు మాంసానికి వచ్చారంటారు. నేను రాను. నువ్వు పో, నువ్వే గదా ఆపింది."

ఆ మాటకి ఇక ఎవరూ కదల్లేదు. ఒక్కొక్కరే జారుకున్నారు. మవ్జూనా వంతెన దాకా పోయింది. కట్టె మీద చెయ్యేసి నిలబడింది. అవతల నెక్‌బఖ్త్ గుమ్మంలో నుంచుని కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దారి వైపు చూస్తంది. పిల్ల చటుక్కున తుమ్మపొద చాటుకి కూర్చుంది. అట్లా కూర్చుని ఉంటే ఆవిడ లోపలికి పోయింది.

మరి ఇంటికి ఎట్లా పోవడం? కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. కాలవ గట్టు దిగి, బురదలో మోకాళ్ళ దాకా దిగింది. పిడికిట్లో గడ్డి పీకి ఆ బురదలో కలిపి పిక్కలకి రాసుకుంది. బక్కెట్టుకీ కాస్త పూసింది.

వాళ్ళమ్మ చూసి బిడ్డని పక్కన పడుకోబెట్టింది. "అయ్యిందా తల్లీ?"

"అయ్యింది."

"అంతా పడిందా?"

"పడింది."

వేడినీళ్ళు తెచ్చి పళ్ళెంలో పోసి పిల్ల కాళ్ళు అందులో పెట్టుకుని కడిగింది. మడమలకి వెన్న రాసింది. "మా ఇంటి చెయ్యి" అంటా వేళ్ళ సందుల్లో గడ్డి ఏరింది. "నాన్న దిగొచ్చాక చెప్తా. ఎంత మురిసిపోతాడో." మవ్జూనా కళ్ళు మూసుకుంది. అలిసిపోయిందనుకుంది వాళ్ళమ్మ.

ఇక మా సంగతి ఎక్కువ రాయకు. మేమే గుంటలో దిగి తొక్కాం. మట్టి మా ముసలి కాళ్ళని పట్టుకుని వదల్లేదు. మిద్దె సగం పడేసరికి ఒంట్లో ఊపిరి లేదు. మిద్దెకి మట్టి ఒక్కరోజులో పడాలి గదా, ఆపి మళ్ళీ వేస్తే అతుకు దగ్గర నోరు తెరుస్తది. ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. గోధుమలూ మాంసమూ రాత్రినుంచీ ఉడికించిన బోజ్ బాణలి నిండా ఉంది. ముగ్గురం ఎంత తింటాం? ఆవిడ మా గిన్నెల్లో మళ్ళీ మళ్ళీ వేసింది. వేస్తా ఒకటే మాట అంది. "ఎవరికీ చెప్పకండన్నా. పిలిస్తే రాలేదంటే, రానోళ్ళని ఎవరూ అనరు. పిలిచినదాన్నే అంటారు, ఏం పాపం చేసిందో అని."

మేం చెప్పలేదు.

వాన వచ్చింది. రెండు రోజులు పట్టి కురిసింది. మవ్జూనా వాళ్ళ మిద్దె గట్టిది, చుక్క పడలేదు. ఆ చుక్క పడకపోవడమే పిల్ల ప్రాణం తోడేసింది. వాళ్ళమ్మ "నెక్‌బఖ్త్ అత్త అదృష్టం, సరిగ్గా ముందే వేయించుకుంది" అంటా ఉంటే పిల్ల పొయ్యిలో పుల్లలు తోస్తా తల ఎత్తలేదు.

ఎండ కాసిన రోజు బడికి పోతా చూసింది. నెక్‌బఖ్త్ వాకిట్లో దుప్పటి మీద పిండి ఆరబోసింది. చలికాలానికి దాచుకున్న పిండి, తడిసి ఉండలు కట్టింది. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో ఉండా అరచేత్తో చిదుపుతంది.

"ఏమే మవ్జూనా, మీ గుమ్మటం అయ్యిందా?"

"అయ్యింది అవ్వా."

"బాగుంది" అంది, మళ్ళీ పిండి వైపు తిరిగింది. ఎందుకు రాలేదని అడగలేదు. పిల్ల అక్కడే నిలబడింది, అడుగుద్దేమోనని. అడిగితే చెప్పేద్దామని నాలిక చివర పెట్టుకుంది. ఆవిడ అడగలేదు, ఇది చెప్పలేదు.

తర్వాత పోటీలో మన బడి గెలిచిందని వచ్చింది. ఖొరోగ్ నుంచి ఒక మేడం బహుమతులు పట్టుకుని వచ్చింది. బడి గోడకి దుప్పటి కట్టి దాని మీద ఆ తాజ్‌మహల్ వేసి చూపించారు. ఊరంతా వచ్చింది. మగాళ్ళూ అప్పటికి దిగొచ్చారు. ఎంత బాగుందనుకున్నావ్! తెల్లగా, వెన్నముద్దలా. సమాధి అని చెప్పగానే ముసలాళ్ళందరూ చేతులు మొహాన దించుకున్నారు, మేడం ఏమిటోననుకుని తనూ దించుకుంది.

నెక్‌బఖ్త్ ముందు వరసలో కూర్చుంది. గుమ్మటం లోపలి నుంచి చూపించారు, చదరం తిప్పి చదరం. ఆవిడ దాన్ని గుర్తుపట్టింది. నేను పక్కనే ఉన్నా, చూశా. పెదవి కదిలింది.

మేడం అడిగింది, "ఇంతమంది పిల్లలు పోట్లాడుకోకుండా ఇంత పని ఎట్లా చేశారు? పట్నంలో పిల్లలకి చేతకాలేదే."

ఇమోమ్‌దోద్ నోరు ఊరుకుంటదా? "హషర్ చేశాం మేడం!" అన్నాడు.

చప్పట్లు. మేడం కళ్ళలో నీళ్ళు. "చూశారా, పెద్దల అలవాటు పిల్లల రక్తంలో ఉంది" అంది. మవ్జూనా వాళ్ళ నాన్న ఎగిరి చప్పట్లు కొట్టాడు.

చప్పట్లు సద్దుమణిగాక నెక్‌బఖ్త్ మెల్లగా అంది. పక్కవాళ్ళకి వినపడేంత.

"బాగుంది. దాంట్లోకి వాన దిగదు."

నవ్వారు కొందరు, మెచ్చుకుందనుకుని. మవ్జూనా మాత్రం దుప్పటి పక్కన నిలబడి ఉంది, దాని మొహం మీదే తాజ్‌మహల్ వెలుగు పడుతంది. చెవులు కాలిపోతున్నాయట. నేల చీలితే బాగుండుననుకుందట. మేడం దాన్ని పిలిచి ముందుకి లాగింది, "ఈ పిల్లే గదా పెద్ద మేస్త్రీ, రెండు మాటలు చెప్పమ్మా" అంది.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నోరు తెరిచింది. వాళ్ళ నాన్న మొహం కనపడింది, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతా. నోరు మూసింది. "అందరం కలిసి కట్టాం" అంది. అంతే అంది. బొమ్మున్న కొత్త సంచి ఇచ్చారు. తీసుకుంది.

ఆ తర్వాత ఇంకో నాలుగు రోజులు ఎండ కాసింది. మిద్దె చెడిపోయిందని ఊరికి తెలిసింది, వాన పాడుచేసిందనుకున్నారు. మంచులోపు ఇంకోసారి వేద్దామని నెక్‌బఖ్త్ మళ్ళీ ఇంటింటికీ బయల్దేరింది. ఆ లోపు ఇమోమ్‌దోద్ వాళ్ళవ్వ ముందు అంతా కక్కేశాడు, ఎవరు వంతెన దగ్గర ఆపారో కూడా. ఆవిడ నెక్‌బఖ్త్‌కి చెప్పింది. మిగతా పిల్లల ఇళ్ళన్నిటికీ పిలుపు పోయింది. ఇమోమ్‌దోద్ వాళ్ళింటికి కూడా పోయింది.

మవ్జూనా వాళ్ళమ్మ బిడ్డనెత్తుకుని గుమ్మంలోనే ఉంది. నెక్‌బఖ్త్ పక్కింట్లోంచి వచ్చింది. వీళ్ళ గుమ్మం ముందు నడక తగ్గించలేదు. తల వంచుకుని అవతలింటికి పోయింది.

"చూసుకోలేదేమో" అంది వాళ్ళమ్మ. బిడ్డని చంక మార్చుకుని, "కాదు, చూసింది" అంది. లోపలికొచ్చి కూర్చుంది. "నేనేం చేశానే? మొన్న రొట్టెలోకి పులిసిన పిండి అడిగితే లేదన్నా, నిజంగానే లేదు. దానికా? బిడ్డ పుట్టినప్పుడు ఆవిడకి రొట్టె పంపడం మర్చిపోయానా? పంపాను. నువ్వే తీసుకుపోయావు. ఇంకేం చేసుంటాను?" అట్లా వెతుక్కుంటంది. వేళ్ళు మడిచి తన తప్పులు తను వెతుక్కుంటంది. హషర్‌కి పిలుపు రాకపోవడమంటే మాటలా కోడలా? నీకు తెలుసు. చావింటికి పిలవకపోయినా పోతాం. హషర్‌కి పిలవకపోతే, నువ్వు ఈ ఊళ్ళో లేవన్నట్టే.

వాళ్ళమ్మ ఐదో తప్పు వెతుక్కునే దాకా ఓర్చుకుంది. ఇక ఓర్చుకోలేక చెప్పేసింది. వంతెన, కరెంటు, గుమ్మటం, అన్నీ. కాలవ గట్టు మీద బురద కూడా.

వాళ్ళమ్మ కొట్టలేదు. బిడ్డ వీపు నిమురుతా కూర్చుంది.

"ఆ కాళ్ళు నేను కడిగాను గదే" అంది.

ఆ సాయంత్రం నాన్నకి కూడా తనే చెప్పింది, పిల్ల ముందే. ఆయన కొత్త సంచి గోడకి తగిలించుంటే తీసి తిప్పి పెట్టాడు, బొమ్మ కనపడకుండా.

హషర్ రోజు మవ్జూనా పిలుపు లేకుండానే పోయింది. వద్దంది వాళ్ళమ్మ, అయినా పోయింది. బక్కెట్టు పట్టుకుని నెక్‌బఖ్త్ వాకిట్లో నిలబడింది. గుంటలో పిల్లలు అప్పటికే తొక్కుతున్నారు, మోకాళ్ళ దాకా మట్టి, కేకలు. ఇది చెప్పులు విప్పింది.

నెక్‌బఖ్త్ చూసింది. తిట్టుద్దనుకున్నాం మేం పైనుంచి. ఆవిడ నవ్వుమొహంతో వచ్చి పిల్ల చేతిలో బక్కెట్టు అందుకుని గోడకి ఆనించింది.

"రామ్మా రా, ఎండలో ఎందుకు నిలబడ్డావ్? లోపలికి రా."

"తొక్కడానికొచ్చా అవ్వా."

"అయ్యో, అతిథి చేత పని చేయిస్తారా? ఊరు నన్నేమంటది?"

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పెద్దలు కూర్చునే అరుగు మీద మెత్త వేసి కూర్చోబెట్టింది. గుడ్డ పరిచి రొట్టె విరిచి ముందు పెట్టింది. ఉప్పూ వెన్నా వేసిన పాలటీ, మల్బరీ పండ్లు, తేనె. పట్నం మేడం వస్తే ఎట్లా పెడతారో అట్లా. "తిను" అని తను బయటికి పోయింది.

పైన దబ్‌దబ్‌మని మట్టి పడతంది. బయట పిల్లలు పాట ఎత్తారు తొక్కుడుకి. ఇమోమ్‌దోద్ గొంతు అందరికంటే పైన. ఇది ఆ అరుగు మీద ఒక్కతే. లేచి పోదామంటే, పెట్టిన రొట్టె ముట్టకుండా లేస్తే ఇంటికి అవమానం. కూర్చుందామంటే ముళ్ళ మీద ఉన్నట్టుంది. గవాచిలోంచి ఇంత మట్టిపెళ్ళ జారి దాని టీ గిన్నెలో పడింది. దానికి ప్రాణం లేచొచ్చిందట. ఆ మట్టి టీయే తాగుదామని గిన్నె ఎత్తింది. ఇంతలో నెక్‌బఖ్త్ వచ్చి, "ఆగాగు, అతిథి గిన్నెలో మట్టా" అని లాక్కుని పారబోసి, కడిగి, మళ్ళీ కొత్తగా పోసింది.

"అవ్వా..." అంది పిల్ల.

"తిను తల్లీ. చల్లారిపోద్ది."

"అవ్వా, నేను ఆ రోజు..."

"తేనె వేసుకో" అంది నెక్‌బఖ్త్. వెళ్ళిపోయింది.

సాయంత్రం బాణలి దించారు. మేమందరం మిద్దె అంచునా, గోడ మీదా, గుంట గట్టునా ఎక్కడివాళ్ళం అక్కడే కూర్చుని ఒకే గిన్నెలో నలుగురేసి తిన్నాం, మట్టి చేతులతో. మవ్జూనాకి లోపల పూల పళ్ళెంలో వేరుగా పెట్టింది. మంచి ముక్కలు ఏరి పెట్టింది. పిల్ల తిన్నది. ఎంత రుచిగా ఉందో చెప్తా ఏడ్చింది నా దగ్గర. "చేదుగా ఉన్నా బాగుండేది తాతా" అంది. పోయేటప్పుడు నెక్‌బఖ్త్ గుమ్మం దాకా సాగనంపి, "మళ్ళీ రా, ఎప్పుడైనా రా" అంది. అతిథికి చెప్పే మాట అది.

ఇదంతా ఆ పిల్ల నాతో ఎప్పుడు చెప్పిందంటే, మంచు పడ్డాక, నేను దొడ్లో గాడిద జీను కుట్టుకుంటా ఉంటే. సూదిలో దారం ఎక్కించడానికొచ్చి కూర్చుంది. ఒక్కో ముక్కా దాని నోట్లోంచి రావడానికి ఎంతసేపు పట్టిందో, అంతసేపూ నేను అదే కుట్టు విప్పి అదే కుట్టు వేశా. "తిట్టుంటే బాగుండేది తాతా. ఒక దెబ్బ కొట్టుంటే బాగుండేది. నన్ను అతిథిని చేసింది" అంది. దానికి ఇప్పటికీ వంతెన మీదుగా పోవాలంటే నోరెండుకుపోద్దట. బడిలో కొత్త కట్టడం మొదలుపెట్టారు, ఏదో రోమ్‌లో ఉన్నదట. దీన్ని మేస్త్రీగా ఉండమంటే ఉండనంది. దిమ్మెలు అందిస్తానంది, అంతే. సారుకి ఏమీ అర్థం కాలేదు.

ఆటనేమీ అనకు కోడలా. ఆట మంచిదే. నేను కూడా దాని వల్లే తాజ్‌మహల్ చూశా ఈ వయసులో.

ఇక చివరిది రాయి. నెక్‌బఖ్త్ ఈ చలికాలం కూతురి దగ్గర ఖొరోగ్‌లో ఉంది. నువ్వు పన్ను చూపించుకోవడానికి ఎట్లాగూ దిగుతున్నావు. ఈ కాగితం పట్టుకెళ్ళి ఆవిడకి చదివి వినిపించు. మవ్జూనా పంపలేదని ముందే చెప్పు, దానికి తెలీదు కూడా. వంతెన దగ్గరికి రాగానే ఆవిడ "తెలుసులే" అని లేవబోద్ది. టీ పెడతానంటది. లేవనియ్యకు. కాలవ బురద సంగతి ఆవిడకి తెలీదు, వాళ్ళమ్మ కాళ్ళు కడిగిన సంగతీ తెలీదు. అది వినేదాకా కూర్చోబెట్టు. క్షమించమని నేను అడగట్లేదు, అది ఆవిడ ఇష్టం. ఇక్కణ్ణుంచి ఆవిడకి నా మాటగా చదువు: చెల్లెలా, వసంతంలో కాలవ తవ్వకానికి పిలవడానికి నువ్వు ఇంటింటికీ బయల్దేరతావు గదా, దొడ్డి పక్క ఆ గుమ్మం ముందు ఒక్కసారి ఆగు, 'మీ ఇంటి చెయ్యి ఎవరమ్మాయ్' అని అడుగు, అన్నాడు మీ అన్న అని చెప్పు. ఆ మాట దగ్గర నెమ్మదిగా చదువు, ఆవిడకి చెవి కాస్త మందం.